రెండు నుంచి మూడుకి

మా పాత కారు రెండో గేరు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు సీటు వెనకనుంచి ఎవరో తన్నినట్టు కుదిపేది. ఆటోమేటిక్ బండి. గేరు మార్చడం నా పని కాదు, దాని పని. ఉన్న ఒక్క పనీ సరిగ్గా చేయకపోతే ఒళ్ళు మండదూ? నెమ్మదిగా పోతే నెమ్మదిగా తన్నేది, తొందరపెడితే గట్టిగా తన్నేది. ఎండ కాసిన రోజు కాస్త మర్యాదగా ఉండేది. వాన పడిన రోజు దాని తిక్క చెప్పనలవి కాదు.

ఇక్కడ బెంటన్‌విల్‌లో తెలుగువాళ్ళ కార్లు తెలుగువాళ్ళ మధ్యే తిరుగుతాయి. కాంట్రాక్టు అయిపోయి ఒక కుటుంబం టెక్సస్ వెళ్ళిపోతుంటే సోఫా, రైస్ కుక్కర్, వెట్ గ్రైండర్, కారు వరసగా ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. మా కారు అలా వచ్చిందే. మాకంటే ముందు ఇంకో రెండు తెలుగు ఇళ్ళు చూసింది. బానెట్ లోపల ఒక మూల ఎవరో పెట్టిన పసుపు బొట్టు ఇంకా కనిపిస్తుంది. మా ఆయన ఆఫీసుకి కొత్త కారు, నాకు ఇది. ఇండియన్ స్టోర్‌కీ లైబ్రరీకీ వెళ్ళి రావడానికి తన్నే బండైనా చాల్లే అని ఇద్దరం ఊరుకున్నాం.

ఊరుకోవడానికి వీల్లేని రోజు రానే వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చింది.

పెళ్ళికి ముందు తెనాలిలో ఒక ల్యాబ్‌లో రక్తం తీసేదాన్ని. ఆ అమ్మాయి గుచ్చితే గుచ్చినట్టే తెలియదు అని పేషెంట్లు చెప్పుకునేవాళ్ళు. ఇక్కడికి వచ్చాక వీసా మీద నేను డిపెండెంట్‌ని, ఉద్యోగం చేయకూడదు. ఆ మాట మోసుకుంటూ కొన్నేళ్ళు వంటింట్లో తిరిగాను. వర్క్ పర్మిట్ వచ్చాక మళ్ళీ కోర్సు చేసి, పరీక్ష రాసి, వద్దన్న చోటల్లా వద్దనిపించుకుని, చివరికి పక్క ఊళ్ళో ఒక క్లినిక్‌లో రక్తం తీసే పని సంపాదించాను. సోమవారం పొద్దున్నే చేరాలి. ఇంటర్వ్యూలో మేనేజర్ నవ్వుతూనే, "రోజూ టైముకి రావడానికి రిలయబుల్ ట్రాన్స్‌పోర్టేషన్ ఉందా?" అని అడిగింది. ఫాస్టింగ్ టెస్టుల కోసం జనం ఏమీ తినకుండా వచ్చి కూర్చుంటారట, మనం ఆలస్యమైతే వాళ్ళు పస్తే. మొదటి నెలల్లో ఆలస్యంగా వచ్చిన వాళ్ళని ఉంచుకోరట. కళ్ళార్పకుండా ఉంది అన్నాను. అని బయటికొచ్చి ఆ బండే ఎక్కాను. పార్కింగ్ లాట్ దాటి రోడ్డెక్కగానే తన్నింది.

చేరే ముందు దారి అలవాటు చేసుకుందామని ఆ వారం మధ్యలో ఒకసారి క్లినిక్ దాకా వెళ్ళాను. ఆ రోజు వాన. హైవే మీద ఒక పొడుగాటి ఎత్తు ఉంది, ఇక్కడంతా కొండలే కదా. ఆ ఎత్తు మీద కారు ఒక్క తన్ను తన్ని, ఉన్న గేరులోనే బిగుసుకుపోయింది. ఎంత తొక్కినా ఇంజను గోల పెడుతుందే కానీ వేగం లేదు. వెనక పెద్ద ట్రక్కు హారన్ కొడుతోంది. ఎలాగో పక్కకి తీసి, ఆపి, మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు కదిలింది. సోమవారం పొద్దున ఇదే జరిగితే ఆ ఉద్యోగం నాకు మొదలుకాకుండానే పోతుంది, అంతే.

రిపేరు షాపుకి ఫోన్ చేస్తే రెండు వారాల తర్వాత రమ్మన్నారు, అంతదాకా నడపొద్దన్నారు. మా డూప్లెక్స్‌లో పక్క పోర్షన్‌లో ఒక వరంగల్ అమ్మాయి ఉంటుంది. ఈ కారు మీద నాకు డ్రైవింగ్ నేర్పిందే ఆమె. సంగతి చెప్తే, "అన్న దింపుతడు గదక్కా కొన్ని రోజులు," అంది. మా ఆయన ఆఫీసు అటువైపు, క్లినిక్ ఇటువైపు. సరిగ్గా అదే టైముకి ఇండియా టీముతో ఆయనకి రోజూ ఉండే స్టాండప్ మీటింగు. దింపమంటే దింపుతారు, కాదనను. కానీ ఇన్నేళ్ళకి నాదంటూ ఒక పని దొరికితే, బడిపిల్లని దింపినట్టు నన్ను గేటు దగ్గర దింపడమేమిటి? నేనే వెళ్ళాలి. నా చేత్తో స్టీరింగ్ పట్టుకుని వెళ్ళాలి. ఆ పట్టుదల నాకు ఎక్కడినుంచి వచ్చిందో కానీ, వచ్చాక దిగలేదు.

"ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మారుద్దాం," అన్నారు మా ఆయన శుక్రవారం ఆఫీసు నుంచి వస్తూనే. చేతిలో ఆయిల్ డబ్బాల సంచి. "చాలామందికి ఆయిల్ మారిస్తే పోయిందంట."

"ఎవరు చెప్పారు?"

"వీడియోలో."

మా ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. బల్బు మార్చాలన్నా ముందు వీడియో చూస్తారు, తర్వాత దాని కింద కామెంట్లు చదువుతారు, ఆ తర్వాత బల్బు జోలికి వెళ్ళకుండా పడుకుంటారు. అలాంటి మనిషి ఈసారి సంచితో వచ్చారు. అందుకు మాత్రం మనసులో మెచ్చుకున్నాను. పైకి అనలేదు.

శనివారం తెల్లవారగానే డ్రైవ్‌వేలో పని మొదలుపెట్టాం. ముందు చక్రాలు రెండూ ర్యాంపుల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకి కట్టెలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇద్దరం కిందికి దూరాం. పాత ఆయిల్ పట్టడానికి పాత్ర కావాలి కదా. మన ఇళ్ళలో పాట్‌లక్‌లకి వాడే అల్యూమినియం ట్రేలు ఎవరం పారేస్తాం? కడిగి దాస్తాం. గరాజ్‌లో అవి అర అడుగు ఎత్తు ఉన్నాయి. ఒకదానిలో ఇంకొకటి పెట్టి గట్టిపరిచి ఆయిల్ దిగే బోల్టు కింద ఉంచాం. కొత్త ఆయిల్ దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. మా దానిలోంచి దిగింది మాత్రం రెండోసారి కాచిన డికాషనే.

నేను టిష్యూ మీద రెండు చుక్కలు వేసి వెలుతురుకి పెట్టి చూశాను. వాసన చూశాను. మాడు వాసన లేదు. వేళ్ళ మధ్య రుద్దితే ఇనప రజను తగల్లేదు.

"నువ్వేం చూస్తున్నావు?" అన్నారు ఆయన, కింద పడుకునే.

"శాంపిల్. లోపల ఏదైనా అరిగి ముక్కలైతే ఇందులో తెలియాలి కదా. మురికి ఉంది కానీ చావు కళ లేదు."

ఆ మాట అన్నాక నాకే ధైర్యం వచ్చింది. ఎంత దిగిందో కొలిచి అంతే కొత్తది పోశాం. బండి ఆపి లెవెల్ చూడబోయారు ఆయన, స్కూటర్ అలవాటు. ఈ బండికి ఇంజను వేడెక్కి, నడుస్తూ ఉండగానే చూడాలని కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది. నేను చదివి వినిపించాను. అన్నీ పద్ధతి ప్రకారం చేసి, ఆశగా ఊరి చుట్టూ ఒక రౌండు వేశాం. గేర్లు అన్నీ కాస్త మెత్తబడ్డాయి. రెండు నుంచి మూడు మాత్రం మెత్తబడలేదు, అదే తన్ను.

ఆయన బుర్ర గోక్కున్నారు. తర్వాత మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి నాకు భయం వేసింది.

"బ్యాటరీ వైరు తీసి కాసేపు ఉంచుదాం. రీసెట్ అవుతుంది."

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఏ రోగానికైనా ఒకటే మందు, ఆపి మళ్ళీ వేయడం. ఈ కార్లలో గేర్ల కోసం ఒక చిన్న కంప్యూటర్ ఉంటుందట. నడిపే మనిషి కాలు ఎలా పడుతుందో నేర్చుకుని, దాన్నిబట్టి గేర్లు మారుస్తుందట. బ్యాటరీ తీస్తే నేర్చుకున్నదంతా మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుందట. వినడానికి బాగానే ఉంది. తీశాం, ఉంచాం, పెట్టాం. ఫలితం ఏమిటంటే, అంతవరకూ ఒక్క గేరు దగ్గర తన్నే బండి ప్రతి గేరుకీ తన్నడం మొదలుపెట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"అదేమిటండీ, ఉన్న కాస్తా పోగొట్టారు," అన్నాను.

"నేర్చుకుంటుందే. టైమివ్వాలి."

"ఎల్లుండి పొద్దున్నకి నేర్చుకుంటుందా? మీ ప్రాజెక్టులాగా డేట్ జరపడానికి కుదరదు ఇక్కడ."

నిజం చెప్పాలంటే ఏడుపు వస్తోంది, ఆయన ముందు ఏడవడం ఇష్టం లేక మొహం తిప్పుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాను. నేర్చుకునేది నా కాలు కాబట్టి నేనే నడపాలి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, మధ్యాహ్నమంతా ఖాళీ రోడ్ల మీద మెత్తగా తొక్కుతూ, మెత్తగా ఆపుతూ తిప్పాను. దాని తెలివి మెచ్చుకోవాలి, ఒక్కొక్క గేరే దారికొచ్చింది. మొండి రెండో గేరు మాత్రం మూడుకి పోయేటప్పుడు తన్నుతూనే ఉంది. అంతలో వాన పట్టుకుంది. అద్దాలు మసకబారితే హీటర్ వేశాను. తన్ను ఇంకా పెరిగింది. దాంతోపాటు ఒక వాసన వచ్చింది.

ఇంగువ వాసన. ఇంగువా, చింతపండూ.

కొత్తగా వచ్చిన వాసన కాదు అది. వాన రోజుల్లో హీటర్ వేస్తే ఎప్పుడూ వచ్చేదే. ఇన్ని తెలుగు ఇళ్ళ కూరగాయలు, పచ్చళ్ళు మోసిన బండి, రాక ఏం చేస్తుంది అనుకునేదాన్ని. ఆ రోజు మాత్రం బుర్ర ల్యాబ్‌లోలాగా పని చేయడం మొదలుపెట్టింది. వాన పడితే వాసన వస్తుంది. వాన పడితే తన్ను పెరుగుతుంది. చెమ్మ తగిలితే రెండూ లేస్తున్నాయంటే రెండూ ఒక చోటే ఉన్నాయేమో.

"ఏవండీ, ఆ గేర్ల కంప్యూటర్ అన్నారే, అది ఎక్కడుంటుంది?"

ఆయన ఫోన్‌లో వెతికారు. "పాసింజర్ సైడ్. కాళ్ళు పెట్టుకునే చోట, కార్పెట్ కింద..." అని చదువుతూ చదువుతూ ఆగిపోయారు. తల వంచి తన కాళ్ళ కింద కార్పెట్ చూసుకున్నారు. ఆ మొహంలో రంగు మారడం నేను చూశాను.

"ఇంటికెళ్ళి కార్పెట్ తీద్దాం," అన్నాను.

"ఎందుకు? అది తీస్తే మళ్ళీ పెట్టలేం. క్లిప్పులు విరిగిపోతాయి."

"విరిగితే విరగనివ్వండి."

"అంత అవసరం లేదు. షాపు వాళ్ళు చూస్తార్లే."

పొద్దుటినుంచి బోల్టు మీద బోల్టు విప్పిన మనిషికి ఒక్క కార్పెట్ ముక్క మీద అంత జాలి ఎందుకు పుట్టిందో నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నేను వాదించను, పని మొదలుపెడతాను. ఇంటికి రాగానే కారు గరాజ్‌లో పెట్టి, బ్యాటరీ వైరు మళ్ళీ తీసి, పాసింజర్ సీటు వెనక్కి జరిపాను. చప్పుడు విని పక్కింటి వరంగల్ అమ్మాయి తడి పీల్చే వ్యాక్యూమ్ పట్టుకుని వచ్చింది. ఆమె టార్చి వేస్తుంటే నేను కారు తలుపు అడుగున ఉన్న ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ పైకి లాగాను. మా ఆయన ఆయిల్ డబ్బాలు సర్దుతున్నట్టు నటిస్తూ దూరంగా నిలబడ్డారు.

కార్పెట్ కింద మందపాటి నురుగు దిండు లాంటిది ఉంది. అది పిండితే నీళ్ళు వచ్చేలా ఉంది. దాని కింద నల్లటి చిన్న పెట్టె, పెట్టెలోకి దూరిన లావు వైర్ల కట్ట. ఆ కట్ట మూతి చుట్టూ పచ్చగా చిలుము. పెట్టె పక్కన ఏదో గోధుమరంగు పీచు అతుక్కుని ఉంది. వరంగల్ అమ్మాయి వంగి, గోటితో గీకి, టార్చి వెలుగులో పెట్టి చూసింది.

"అక్కా, ఇది ములక్కాడ గదా?"

ములక్కాడే. పక్కనే ఎండి నల్లబడిన కరివేపాకు రెబ్బ. దానిపక్క ఒక ఎండుమిరపకాయ, తొడిమెతో సహా. తాలింపులో మిరపకాయ తుంచకుండా వేయడం నా అలవాటు. మిరపకాయ ఆ కారులో కూర్చున్న ఏ తెలుగు ఇల్లాలిదైనా కావచ్చు కానీ, ములక్కాడని అంత పొడుగ్గా కోసేది మాత్రం మా అమ్మ తర్వాత నేనొక్కదాన్నే.

"ఇది నా పప్పుచారు," అన్నాను.

మా ఆయన చేతిలో డబ్బా కింద పెట్టేశారు.

సంగతి చెప్పాలంటే కిందటి ఉగాదికి వెళ్ళాలి. ఇక్కడ పండగంటే పాట్‌లక్. ఎవరింటి వంట వాళ్ళు ట్రేలో పెట్టి, పైన ఫాయిల్ చుట్టి, సీటు మీద పెడితే జారుతుందని పాసింజర్ వైపు కింద పెట్టుకుని హాలుకి మోసుకెళ్తాం. అందరం అంతే. ఆ ఉగాదికి ముందు నెలంతా నా మనసు బాగాలేదు. నాలుగు చోట్ల వద్దన్నారు. చివరగా వద్దన్న క్లినిక్ వాళ్ళ మెయిల్ పండగ ముందు రోజే వచ్చింది. తెస్తానని గ్రూపులో ఒప్పుకున్నాను కాబట్టి లేచి పప్పుచారు కాచాను కానీ, నలుగురి మధ్యకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఆయన్ని ఒక్కరినే పంపాను. కొత్త కారు పాడవుతుందని ఇందులోనే వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చి, మొత్తం అయిపోయింది, ట్రే నాకేశారు, ఒకావిడ రెసిపీ కూడా అడిగింది అని చెప్పారు. కారు తన్నడం మొదలైంది కూడా ఆ తర్వాతే.

"అన్నా, ఆ రోజు మేం పప్పుచారు చూడనే లేదు," అంది వరంగల్ అమ్మాయి. "నేనే సాంబారు తెప్పించిన, చారు ఎవ్వరూ తేలేదని."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కార్పెట్ పట్టింది.

"సిగ్నల్ దగ్గర సడన్‌గా బ్రేక్ వేయాల్సి వచ్చింది," అన్నారు ఆయన. "ట్రే బోర్లా పడింది. గ్యాస్ స్టేషన్‌లో వ్యాక్యూమ్ పెట్టి మొత్తం క్లీన్ చేశాననుకున్నా."

"ఆ రెసిపీ అడిగినావిడ?"

ఆయన కింద పెట్టిన డబ్బానే మళ్ళీ సర్దారు.

"ఆవిడెవరండీ?"

"ఎవరూ లేరు."

"ఆవిడ కోసమని కొలతలతో సహా టైపు చేసి మీ ఫోన్‌కి పంపాను. ఆవిడ థాంక్స్ చెప్పిందన్నారు. చింతపండు పాతదైతే కాస్త తగ్గించమన్న మాట చాలా ఉపయోగపడిందట."

వరంగల్ అమ్మాయి టార్చి ఆర్పేసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. ఒక ఏడాది పాటు ఆ కనిపించని ఆవిడ నా మనసులో ఎక్కడో కూర్చుని ఉంది. ఈ దేశంలో నేను చేసిన ఒక పని బాగుందని చెప్పిన మొదటి మనిషి ఆవిడే. ఆ ఊపుమీదే తర్వాతి పాట్‌లక్‌కి నేనే వెళ్ళాను, నా ట్రే పక్కనే నిలబడ్డాను, ఏం చేస్తుంటారని అడిగిన వాళ్ళకి రక్తం తీస్తాను అని తలెత్తి చెప్పాను. ఈ క్లినిక్‌లో ఖాళీ ఉందని అక్కడే తెలిసింది. ఆ మాట మాత్రం ఆ పూట నేను పైకి ఎత్తలేదు. ఎత్తితే, చూశావా నా అబద్ధం ఎంత మేలు చేసిందో అంటారు ఈయన.

"ఒలికిపోయిందని చెప్తే నేనేమైనా కొరికేస్తానా?" అన్నాను.

"ఇంటికొచ్చేసరికి నువ్వు తలుపు దగ్గర నిలబడి ఉన్నావు," అన్నారు ఆయన, నా మొహం చూడకుండా. "అందరూ తిన్నారా అని అడిగావు. ఆ నెలలో నీ అంతట నువ్వు వచ్చి నన్ను అడిగిన మాట అదొక్కటే. ఒలికిపోయిందని ఎలా చెప్పను?"

నాకు కోపం పోలేదు. కోపం ఉండగానే కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక, "ఆ బాత్రూమ్ అల్మరాలో దూది పుల్లలున్నాయి, పట్టుకురండి," అన్నాను. ఆయన పరుగెత్తారు.

ఆ తర్వాత పని నాది. ఆయన వీడియోలో కరెంటు సామాను తుడిచే స్ప్రే కొట్టమన్నారట. కొడదాం కానీ, వాన చెమ్మ పీల్చి ఇంత చిలుము పట్టించిన ఉప్పూ పులుపూ దానికి కరగవు, ముందు డిస్టిల్డ్ వాటర్ కావాలి అన్నాను. ఆయన ఇస్త్రీ పెట్టెలో పోసుకునేది ఇంట్లో ఉంది. వైర్ల కట్ట మూతి మెల్లగా గుంజి విప్పాను. లోపల సన్నటి సూదులు వరసగా ఉన్నాయి, కొన్నిటికి పచ్చ చిలుము. దూది పుల్ల తడిపి ఒక్కొక్క సూదినీ తుడిచాను, వంచకుండా, నొక్కకుండా. ఇన్నేళ్ళ తర్వాత వేళ్ళు మరిచిపోయాయేమోనని లోలోపల ఒక బెంగ ఉండేది నాకు. మరిచిపోలేదు. చెయ్యి వణకలేదు. నీళ్ళ తర్వాత స్పిరిట్, స్పిరిట్ తర్వాత ఆయన స్ప్రే, ఆ తర్వాత నా హెయిర్ డ్రయర్ చల్లగాలి. వరంగల్ అమ్మాయి నురుగు దిండులోంచి నీళ్ళు పీలుస్తూ, "మస్తు ఓపిక అక్కా నీకు," అంది. నాకు ఓపిక ఉందని ఎవరైనా అనడం అదే మొదలు.

ఆ రాత్రికి అలాగే విప్పి ఉంచేశాం. ఆదివారం ఎండ వచ్చింది. దిండునీ కార్పెట్‌నీ వెనక డెక్ రెయిలింగ్ మీద పరుపుల్లా ఆరేశాను. మధ్యాహ్నానికి వైర్ల కట్ట పొడిగా గలగలలాడింది. మూతికి చెమ్మ దూరకుండా జిగురు గ్రీజు రాసి, తిరిగి పెట్టెలోకి క్లిక్కుమనేదాకా తోసి, బ్యాటరీ తగిలించాం. కార్పెట్ లేకుండానే బయల్దేరాం. ఆయన పక్కన వట్టి రేకు మీద కాళ్ళు పెట్టుకుని, నేరం చేసినవాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మొదట్లో మళ్ళీ కాస్త తడబడింది. నేర్చుకున్నది మరిచిపోయింది కదా, మళ్ళీ నేర్పాను. ఒకటి నుంచి రెండు కుదిరింది. రెండు నుంచి మూడుకి వచ్చేసరికి ఇద్దరం ఊపిరి బిగబట్టాం. వెళ్ళింది. తన్నలేదు. ఆ చివరి వీధి దాకా వెళ్ళి, ఆగి, మళ్ళీ వెళ్ళాం. తన్నలేదు. హైవే ఎక్కి ఆ పొడుగాటి ఎత్తు ఎక్కించాను. ఇంజను చప్పుడు కొద్దిగా మారిందంతే.

"సారీ," అన్నారు ఆయన, పైకి చేరాక.

"కారు గురించా, చారు గురించా?"

"రెండిటికీ."

"కారు సంగతి వదిలేశాను. చారు సంగతి ఇంకా ఆలోచించాలి," అన్నాను. కానీ నవ్వు ఆపుకోలేకపోయాను, ఆయనా నవ్వారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ రోడ్డు చూశాను.

సోమవారం సూర్యుడు ఇంకా రాకముందే బయల్దేరాను. ఆయన అప్పటికే తయారై తన కారు తాళాలు పట్టుకుని నిలబడ్డారు. వెనకే వస్తానన్నారు. వద్దు, మీ స్టాండప్ చూసుకోండి అన్నాను. పట్టుబట్టలేదు. "ఎత్తు దగ్గర గేరు ఎలా పడిందో చూసుకో. చేరగానే చెప్పు," అని గరాజ్ తలుపు ఎత్తి పట్టుకుని, నేను మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నారు.

క్లినిక్ పార్కింగ్ లాట్‌లో కారు ఆపి ఇంకా బెల్టు తీయలేదు, ఫోన్ మోగింది.

"చేరావా? ఎలా ఉంది? ఎత్తు మీద తన్నిందా?"

చెబుదామని నోరు తెరిచాను. చెప్పడానికి ఏమీ గుర్తు రాలేదు. ఇంటి దగ్గర బయల్దేరినప్పటినుంచి రక్తం పట్టే ట్యూబుల వరస వల్లెవేసుకుంటున్నాను. ముందు లేతనీలం మూత, తర్వాత ఎరుపు, తర్వాత బంగారు రంగు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిద. వరస తప్పితే రిజల్టు తప్పుతుంది. ముసలివాళ్ళకి నరం దొరక్కపోతే ఎటు చూడాలి, భయపడేవాళ్ళతో ఏం మాట్లాడాలి, ఇంగ్లీషులో ఎలా అనాలి, అవే ఆలోచనలు. ఎత్తు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు దాటానో తెలియదు. గేరు ఎక్కడ మారిందో అసలే తెలియదు.

"ఏమోనండీ, గమనించలేదు," అన్నాను.

"గమనించలేదా? రెండు రోజులు దాని కింద పడుకుని, ఇప్పుడు..." అంటూ ఆగిపోయారు. "అయితే బాగైపోయినట్టే," అన్నారు.

"మీకు మీటింగు టైమవుతోంది," అని పెట్టేశాను.

అద్దాల తలుపు వెనక, ఏమీ తినకుండా వచ్చినవాళ్ళు అప్పుడే కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కారు తాళం వేసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాను.